బటన్ నొక్కనన్న కుర్రాడు

‘కెప్టెన్ అమెరికా: ద వింటర్ సోల్జర్’ చూసినవాళ్లని ఏ సీన్ నచ్చిందని అడగండి. ఎక్కువమంది లిఫ్ట్ ఫైట్ అంటారు. ఇంకొందరు హైవే మీద బకీ మాస్క్ ఊడిపోయే సీన్ అంటారు. రెండూ సూపర్ సీన్లే, కాదనను. కానీ 2014లో వచ్చిన ఈ సినిమాలో నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది ఇంకో చిన్న సీన్. అందులో హీరో కనిపించడు. ఒక కుర్రాడు, అతని ముందు కంప్యూటర్, అతని తలకి గురిపెట్టిన తుపాకి. అంతే.

సందర్భం గుర్తుచేస్తాను. వాషింగ్టన్‌లో పొటోమాక్ నది మధ్య షీల్డ్ సంస్థ హెడ్డాఫీసు. దాని కింద మూడు హెలీక్యారియర్లు, అంటే గాల్లో ఎగిరే యుద్ధనౌకలు, సిద్ధంగా ఉన్నాయి. అవి పైకి లేచి ఉపగ్రహాలతో కనెక్టయితే చాలు, ఎవరిని కావాలంటే వాళ్లని పైనుంచే కాల్చేయొచ్చు. లాంచ్ కంట్రోల్ రూములోకి రమ్లో అనే కమాండో వచ్చి ‘టైమ్ దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే పంపు’ అంటాడు. కుర్రాడు కదలడు. ‘ఏంటి ప్రాబ్లమ్?’ అని రమ్లో తుపాకి తీసి తలకి ఆనిస్తాడు. కుర్రాడు వణికిపోతుంటాడు. సారీ చెప్పి, ఆ షిప్పులు తను లాంచ్ చెయ్యనంటాడు. ఎందుకయ్యా అంటే, కెప్టెన్ ఆర్డర్ అంటాడు.

వెంటనే వెనకనుంచి ఏజెంట్ 13 రమ్లో మీద తుపాకి ఎత్తుతుంది. ఇంకొకరు ఆమె మీద ఎత్తుతారు. అప్పటిదాకా మామూలు ఆఫీసులా ఉన్న గదిలో ఎవరు ఎటువైపో ఒక్క క్షణంలో తేలిపోతుంది. తర్వాత కాల్పులు, కత్తిపోట్లు. ఆ గందరగోళంలో రమ్లోనే లాంచ్ చేసేసి వెళ్లిపోతాడు. షిప్పులు లేస్తాయి.

అంటే ఆ కుర్రాడి ‘నో’ దేన్నీ ఆపలేదన్నమాట. మహా అయితే కొన్ని సెకన్లు ఆలస్యం చేసింది. అయినా లీడర్‌షిప్ గురించి ఎవరైనా క్లాస్ పీకుతుంటే నాకు ముందు గుర్తొచ్చేది స్టీవ్ రోజర్స్ కండలూ కాదు, డాలూ కాదు. ఈ కుర్రాడి వణుకు. ఒక లీడర్ ఎంత గొప్పవాడో తెలియాలంటే అతన్ని చూసి లాభం లేదు. అందరికంటే కింద, కీబోర్డు ముందు కూర్చున్నవాడు ‘ఇది తప్పు సార్, నేను చెయ్యను’ అనగలడా లేదా అన్నది చూడాలి.

కెప్టెన్ ఇచ్చిన ఆర్డర్ ఏది?

ఇక్కడో తమాషా ఉంది. కుర్రాడు ‘కెప్టెన్ ఆర్డర్’ అన్నాడు కదా. నిజానికి కెప్టెన్ ఆర్డర్ ఏమీ ఇవ్వలేదు. ఆ సీన్‌కి ముందు స్టీవ్ ఆఫీసు మొత్తానికీ మైకులో మాట్లాడతాడు. ఇంకోసారి జాగ్రత్తగా వినండి. ‘లాంచ్ ఆపండి’ అని ఎక్కడా ఆజ్ఞాపించడు. షీల్డ్ అనుకుంటున్నది ఇక షీల్డ్ కాదు, హైడ్రా చేతుల్లోకి పోయింది అంటాడు. హైడ్రావాళ్లు మీ పక్క సీట్లోనే ఉండొచ్చు అంటాడు. షిప్పులు లేస్తే ఏమవుతుందో చెబుతాడు. నేను చాలా పెద్ద విషయమే అడుగుతున్నానని ఒప్పుకుంటాడు. ఒంటరిగా మిగిలినా సరే తను పోరాడతానంటాడు, కానీ ఒంటరినవుతానని అనుకోవట్లేదంటాడు. మైకు ఆపేస్తాడు.

ఉన్న నిజం చెప్పాడు, తను ఏం చేస్తాడో చెప్పాడు, మిగతాది విన్నవాళ్లకి వదిలేశాడు. ఆ కుర్రాడు దాన్ని తనంతట తనే ఆర్డర్‌గా తీసుకున్నాడు. ఇచ్చిన ఆర్డర్ కంటే తీసుకున్న ఆర్డర్‌కి బలం ఎక్కువ. తలకి తుపాకి పెట్టినా అది ఊడలేదు. (ఆ స్పీచ్ అయ్యాక సామ్, ‘ఇది ముందే రాసుకున్నావా, అప్పటికప్పుడు చెప్పేశావా?’ అని అడుగుతాడు. అంత సీరియస్ టైములో కూడా ఫ్రెండ్ ఫ్రెండే.)

మా ఐటీ భాషలో చెప్పాలంటే స్టీవ్ వాళ్లకి టికెట్ ఇవ్వలేదు, కాంటెక్స్ట్ ఇచ్చాడు. ఉద్యోగంలో చేరినవాళ్లందరికీ ఈ రెంటి తేడా మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది. ‘ఈ ఫీల్డ్ మార్చు, రేపు సాయంత్రానికి కావాలి’ అనేది టికెట్. ఆ ఫీల్డ్ ఎవరు వాడతారు, తప్పుగా మారిస్తే ఎవరి జీతం ఆగిపోతుంది అని చెప్పడం కాంటెక్స్ట్. మొదటిదానితో పని అవుతుంది. రెండోదానితో మాత్రమే ‘ఆగండి, ఇక్కడేదో తేడాగా ఉంది’ అనే మనిషి తయారవుతాడు.

మూడో కంటికి తెలియకుండా

ఈ సీన్ బరువు తెలియాలంటే సినిమా మొదట్లోకి వెళ్లాలి. సముద్రంలో లెమ్యూరియన్ స్టార్ అనే ఓడని దొంగలు పట్టుకుంటారు. బందీలని విడిపించడానికి స్టీవ్ టీమ్‌తో దిగుతాడు. సగంలో చూస్తే నటాషా ఉండాల్సిన చోట ఉండదు. ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చుని డేటా కాపీ చేసుకుంటుంటుంది. ఆమెకి నిక్ ఫ్యూరీ వేరే పని అప్పగించాడు. టీమ్‌ని నడిపిస్తున్న స్టీవ్‌కే ఆ సంగతి తెలియదు.

స్టీవ్ వెనక్కొచ్చి ఫ్యూరీ మీద మండిపడతాడు. సైన్యం అంటే ఒకరినొకరు నమ్మడం, అది లేకపోతే తుపాకులు పట్టుకుని పరిగెత్తే గుంపు అనేది అతని వాదన. ఫ్యూరీ వాదన వేరు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పాలి, మొత్తం ఎవరికీ తెలియకపోతే ఎవరూ బయటపెట్టలేరు. ఒకసారి ఒకర్ని నమ్మినందుకే కన్ను పోయిందని కూడా చెబుతాడు. మూడో కంటికి తెలియకుండా పని నడిపించడం ఒంటికన్ను ఫ్యూరీ పద్ధతి అన్నమాట.

ఆ తర్వాత లిఫ్ట్‌లో కిందకి దిగుతూ ఫ్యూరీ వాళ్ల తాత కథ చెబుతాడు. తాత లిఫ్ట్ ఆపరేటర్. రోజూ టిప్పులుగా వచ్చిన డబ్బు కాగితం సంచిలో వేసుకుని రాత్రి నడిచి ఇంటికెళ్లేవాడు. దారిలో అందరినీ పలకరించేవాడు. రోజులు మారి, పేటలో కుర్రాళ్లు ‘సంచిలో ఏముంది తాతా?’ అని అడగడం మొదలుపెట్టారు. తాత సంచి తెరిచి చూపించేవాడు, కొన్ని డాలర్ నోట్లు, వాటితోపాటు నిండుగా లోడ్ చేసిన రివాల్వర్. తాతకి మనుషులంటే ప్రేమే, నమ్మకమే లేదు అంటాడు ఫ్యూరీ. అంటూనే తన సంచి తెరిచి స్టీవ్‌కి చూపిస్తాడు. ఆ మూడు హెలీక్యారియర్లు.

ఫ్యూరీని విలన్ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అతని భయానికి కారణాలున్నాయి. మన ఆఫీసుల్లోనూ అలాంటి మేనేజర్లు ఉంటారు, చాలావరకు మంచివాళ్లే. ఒకసారి దెబ్బతిని ఉంటారు. ‘జూనియర్లకి అన్నీ చెబితే కంగారుపడతారు, బయట వాగుతారు’ అని గట్టిగా నమ్ముతారు. కానీ సినిమా ఒక విషయం గట్టిగా చూపిస్తుంది. హైడ్రా డెబ్బై ఏళ్లు షీల్డ్ లోపలే పెరిగింది. ఎలా దాక్కుంది? ఫ్యూరీ గోడలు కట్టింది రహస్యాలు కాపాడటానికి. ఆ గోడల చాటునే చెద పట్టింది. ఎవరి ముక్క వాళ్లకే తెలిసిన చోట, మొత్తం బొమ్మ తేడాగా ఉందని ఎవరు కనిపెడతారు? తన పక్కగదిలో ఏం జరుగుతోందో ఆఖరికి ఫ్యూరీకే తెలియలేదు. తన సొంత సంస్థ ఓడలో ఏముందో చూడటానికి తనే డబ్బులిచ్చి దొంగల్ని పంపాల్సి వచ్చింది!

ఇంకో చిన్న విషయం, ముఖ్యంగా కోడ్ రాసేవాళ్ల కోసం. హెలీక్యారియర్లు ఎవరిని చంపాలో నిర్ణయించేది జోలా అల్గారిథమ్. బ్యాంకు రికార్డులు, మెడికల్ హిస్టరీ, ఈమెయిళ్లు, ఫోన్ కాల్స్, పరీక్షల మార్కులు, అన్నీ కలిపి ఎవరు రేపు హైడ్రాకి అడ్డొస్తారో లెక్కగడుతుంది. అయోవా సిటీలో చదువులో ఫస్టొచ్చిన హైస్కూల్ పిల్ల/పిల్లాడు కూడా ఆ లిస్టులో ఉన్నారు. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఒక్కడు రాసి, ఒక్కడు టెస్ట్ చేసి, ఒక్కడు ఎక్కించలేడు కదా. సినిమా చూపించదు గానీ, ఎన్నో చేతులు పడి ఉంటాయి. ఆ చేతుల్లో చాలావాటికి అది దేనికో తెలిసుండదు. వాళ్లకి టికెట్లే వెళ్లి ఉంటాయి.

నిజం లాంచ్, నిజం సంతకం

‘సినిమాలో కాబట్టి కుర్రాడు నో అన్నాడు, నిజంగా ఎవరంటారు?’ అనొచ్చు. అన్నవాళ్లున్నారు. అదీ ఒక లాంచ్ ముందే.

1986 జనవరి 27 రాత్రి. మర్నాడు పొద్దున ఫ్లోరిడా నుంచి చాలెంజర్ స్పేస్ షటిల్ ఎగరాలి. వాతావరణం గడ్డకట్టేంత చలి. షటిల్ బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయకాల్ కంపెనీ ఇంజనీర్లకి ఒకటే భయం. బూస్టర్ ముక్కల మధ్య వేడి గ్యాస్ బయటకి రాకుండా ఆపే రబ్బరు రింగులు ఆ చలికి బిగుసుకుపోతే సీల్ పడదు. రోజర్ బోయ్‌జోలీ అనే ఇంజనీర్, తోటివాళ్లు కలిసి నాసాతో ఫోన్ కాన్ఫరెన్స్‌లో వాదించారు. ఎగరొద్దని కంపెనీ మొదట చెప్పింది కూడా. నాసావైపు వాళ్లకి అది రుచించలేదు. కంపెనీ కాసేపు లైన్ మ్యూట్ చేసుకుని లోపల్లోపల మాట్లాడుకుంది. అక్కడ ఒక పెద్ద మేనేజర్ ఇంజనీరింగ్ హెడ్‌తో, ఇంజనీర్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో అన్నాడు. చివరి నిర్ణయం నలుగురు మేనేజర్లే తీసుకున్నారు. గదిలో ఉన్న ఇంజనీర్ల ఓటు అడగలేదు. లైన్‌లోకి తిరిగొచ్చి, ఎగరొచ్చు అన్నారు.

ఆ రాత్రి ఫ్లోరిడాలో లాంచ్ స్థలం దగ్గర కంపెనీ తరఫున ఉన్నది అలన్ మెక్‌డోనాల్డ్. లాంచ్‌కి ఓకే అని ఆయన సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నాడు. యూటాలో ఉన్న ఆయన పైవాడు సంతకం చేసి ఫ్యాక్స్ పంపాడు. జనవరి 28న చాలెంజర్ లేచింది. 73 సెకన్లకి గాల్లో ముక్కలైంది. ఏడుగురు పోయారు.

వింటర్ సోల్జర్ కుర్రాడికీ మెక్‌డోనాల్డ్‌కీ జరిగింది ఒకటే. ఇద్దరూ నో అన్నారు. పైవాడు చెయ్యి చాచి బటన్ నొక్కేశాడు. తేడా ఎక్కడంటే, కంట్రోల్ రూములో కుర్రాడి వెనక ఏజెంట్ 13 నిలబడింది. ఆ ఫోన్ కాల్‌లో బోయ్‌జోలీ వెనక నిలబడాల్సిన కుర్చీలో ఉన్నవాళ్లు నిలబడలేదు. తర్వాత విచారణ కమిషన్ ముందు మెక్‌డోనాల్డ్ లేచి ఆ రాత్రి సంగతి బయటపెట్టాడు. కంపెనీ ఆయన్ని పక్కన పెట్టింది. అమెరికా కాంగ్రెస్ కల్పించుకున్నాక తిరిగి బాధ్యత అప్పగించారు. ఏ బాధ్యతో తెలుసా? ఆ బూస్టర్ అతుకులని మళ్లీ కొత్తగా డిజైన్ చేయించడం.

రాకెట్లు మనకి దూరం అనుకుంటే దగ్గరి విషయమే చెబుతాను. నేను పనిచేసిన ఒక టీమ్‌లో లీడ్ ఒకావిడ ఉండేవారు. రిలీజ్‌కి ముందు గో, నో-గో కాల్ ఉంటుంది కదా. మామూలుగా ఆ కాల్‌లో ‘ఎనీ కన్సర్న్స్?’ అంటారు, అందరూ మ్యూట్‌లో ఉంటారు, రెండు సెకన్లు ఆగి ‘కూల్, గో’ అంటారు. పిల్లి మెడలో గంట కట్టమంటే ఏ ఎలుక ముందుకొస్తుంది! ఈవిడ అలా అడిగేవారు కాదు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగేవారు. అదీ అందరికంటే జూనియర్ నుంచి మొదలుపెట్టి. సీనియర్ ముందు మాట్లాడితే జూనియర్ దానికే తలూపుతాడని ఆవిడ లెక్క.

ఒక శుక్రవారం రాత్రి కాలేజీ నుంచి వచ్చి నాలుగు నెలలైన కుర్రాడి వంతు వచ్చింది. ‘అక్కా, ఆ డేటా స్క్రిప్ట్ మధ్యలో ఆగి మళ్లీ రన్ అయితే రికార్డులు డబుల్ అవుతాయేమో’ అన్నాడు.

‘ష్యూరా నాన్నా?’

‘ష్యూర్ కాదక్కా. డౌటే.’

‘సరే. ఈ రాత్రి వద్దు, ఆపేద్దాం’ అన్నారావిడ. అటువైపు క్లయింట్ మనుషులు గోలగోల. ఆవిడే మాట్లాడి సర్దిచెప్పారు. శనివారమంతా కూర్చుని టెస్ట్ చేశాం. తేలిందేంటంటే, సమస్యే లేదు. స్క్రిప్ట్ బాగానే ఉంది. ఆదివారం రాత్రి రిలీజ్ చేశాం.

కుర్రాడు సోమవారం తలెత్తి చూడలేకపోయాడు. స్టాండప్‌లో లీడ్ అతనికి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పారు. వీకెండ్ పోయిందని సణిగిన మావాళ్లకి కూడా ఒక్క ముక్క అనే సందు ఇవ్వలేదు. తర్వాతి రిలీజ్ కాల్‌లో ఒకటి కాదు, మూడు డౌట్లు వచ్చాయి. అందులో ఒకటి నిజమైన బగ్. వెళ్లుంటే చాలామంది బిల్లులు తప్పుగా పోయేవి. కరెక్టైన ‘నో’కి దండ వెయ్యడం ఎవరైనా చేస్తారు. తప్పైన ‘నో’ని ఏం చేస్తారన్నదే పరీక్ష, టీమ్ అంతా కళ్లప్పగించి చూసేది దాన్నే.

అన్నట్టు ఆ లాంచ్ కుర్రాడు అక్కడితో అయిపోలేదు. 2015లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’ క్లైమాక్స్‌లో ఫ్యూరీ పాత హెలీక్యారియర్ ఒకటి వేసుకుని సొకోవియా జనాన్ని కాపాడటానికి వస్తాడు. అందులో లైఫ్‌బోట్లు కిందికి పంపే సీట్లో కూర్చున్నది ఇతనే. క్లైన్ అని ఈసారి పేరు కూడా ఇచ్చారు. నో అన్నవాడిని వెతికి మరీ మళ్లీ పనిలోకి తీసుకున్నట్టుంది ఫ్యూరీ.

కుర్చీ దిగిన ఫ్యూరీ

ఫ్యూరీ మారాడని నాకు అర్థమైంది డ్యామ్ దగ్గరి రహస్య స్థావరం సీన్‌లో. చనిపోయాడనుకున్న ఫ్యూరీ మంచం మీద బతికే ఉంటాడు. హెలీక్యారియర్లలో చిప్పులు మార్చి ఆపేద్దాం, తర్వాత షీల్డ్‌ని బాగుచేసుకుందాం అనేది అతని ప్లాన్. స్టీవ్ ఒప్పుకోడు. హైడ్రాతోపాటు షీల్డ్ కూడా పోవాల్సిందే, మిగల్చడానికేం లేదంటాడు. ఫ్యూరీ హిల్ వైపు చూస్తాడు, నటాషా వైపు చూస్తాడు. ఎవరూ తనవైపు మాట్లాడరు. చివరికి సామ్ వైపు చూస్తే, నన్ను చూడకండి, కెప్టెన్ ఏది చేస్తే నేనూ అదే చేస్తా, కాస్త నెమ్మదిగా అంటాడతను.

జీవితమంతా పోసి కట్టిన సంస్థ. ఫ్యూరీ ఒక్క క్షణం ఆగి, అయితే ఇప్పుడు ఆర్డర్లు నీవే కెప్టెన్ అంటాడు. గొడవ లేదు, డ్రామా లేదు. సినిమాలో ఫ్యూరీ చేసిన పెద్ద లీడర్‌షిప్ పని నాకు అదే అనిపిస్తుంది. మన దగ్గర కుర్చీ ఎక్కడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఎయిర్‌పోర్ట్ నిండా దొరుకుతాయి. దిగడం గురించి ఒక్కటీ కనబడదు.

నటాషా కథ కూడా ఇక్కడే ఉంది. షీల్డ్ రహస్యాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేస్తుంది. అందులో తన పాత పాపాలు కూడా ఉన్నాయి. నీ గతాన్ని లోకం చూడటానికి సిద్ధమేనా అని పియర్స్ బెదిరిస్తాడు. అయినా నొక్కుతుంది. నిజం చెప్పడంలో తన వాటా ఖర్చు తను కట్టిన మనిషి ఆమె.

ఇక మూడో హెలీక్యారియర్. స్టీవ్ చివరి చిప్ పెట్టేశాడు, కానీ బయటపడలేదు. ఒంట్లో బుల్లెట్లు దిగి ఉన్నాయి. అతను అందులో ఉండగానే కాల్పులు మొదలుపెట్టమని హిల్‌కి చెబుతాడు. ఆమె తటపటాయిస్తుంది. అతను ఇంకోసారి చెబుతాడు. సినిమా మొత్తంలో స్టీవ్ గట్టిగా ఇచ్చిన ఆర్డర్ ఇదే, దెబ్బ పడేది తన నెత్తిన.

ఈ సీన్ చూసినప్పుడల్లా నాకు శ్రీహరికోట గుర్తొస్తుంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయిన కథ మీ అందరి వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలామ్, ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్. ఫెయిలైన రోజు విలేకరుల ముందు కూర్చుని మాటలు పడింది ధావన్. 1980 జులై 18న సక్సెస్ అయ్యాక, ఈసారి నువ్వు మాట్లాడు అని కలామ్‌ని పంపాడు. ఫార్వర్డ్‌లలో అక్కడికే ఆగిపోతారు. కలామ్ తనే చెప్పిన ఇంకో ముక్క ఉంది. లాంచ్‌కి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ హోల్డ్ పెట్టింది. ఫర్వాలేదని నిపుణులు చెబితే, కంప్యూటర్‌ని పక్కనపెట్టి లాంచ్ చెయ్యమన్నది కలామే. ‘మావాడు హోల్డ్‌ని దాటేశాడు’ అని ధావన్ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

అంత నిజాయితీపరుడూ దాచాడు

ఇంతవరకూ రాసి స్టీవ్‌కి హారతిచ్చి ఆపేస్తే తేలిక. కానీ ‘సివిల్ వార్’ ఉంది. నా ఫ్రెండ్స్‌తో ఇప్పటికీ గొడవపడే సినిమా అది.

వింటర్ సోల్జర్‌లో క్యాంప్ లీహై బంకర్ గుర్తుందా? జోలా తెర మీద హైడ్రా చేసిన హత్యలు చూపిస్తుంటాడు. అందులో హోవర్డ్ స్టార్క్ మరణవార్త ఉన్న పేపర్ కూడా కనిపిస్తుంది. అంటే టోనీ తల్లిదండ్రులది యాక్సిడెంట్ కాదని స్టీవ్‌కి అప్పుడే తెలుసు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అల్ట్రాన్‌తో పోరాడారు, ఒకే బల్ల ముందు కూర్చున్నారు. స్టీవ్ చెప్పలేదు. చంపింది బకీ అయ్యుంటే ఏమవుతుందోనని భయం.

2016 నాటి సివిల్ వార్‌లో అందరూ సొకోవియా ఒప్పందం వల్ల టీమ్ చీలిందంటారు. 117 దేశాలు సంతకం పెట్టిన ఆ ఒప్పందం మీద వాళ్లది నిజమైన అభిప్రాయభేదం. అలాంటివాటికి టీమ్‌లు చావవు. ఎయిర్‌పోర్ట్‌లో అంత కొట్టుకున్నా, టోనీ ఒంటరిగా సైబీరియా వెళ్లి స్టీవ్‌తో కలిసిపోయాడు కూడా. అక్కడ 1991 డిసెంబర్ 16 నాటి వీడియో చూశాక అడిగింది ఒకటే ప్రశ్న: నీకు తెలుసా? స్టీవ్ మొదట తప్పించుకోబోయాడు. టోనీ మళ్లీ అడిగాడు. తెలుసన్నాడు. అవెంజర్స్ టీమ్ ముక్కలైంది ఆ జవాబు దగ్గర.

చివర్లో స్టీవ్ ఉత్తరం రాస్తాడు. నీకు చెప్పకపోతే నీకు బాధ తప్పుతుందనుకున్నాను, నిజానికి నాకు నేను తప్పించుకున్నాను అని. మైకు ముందు వేలమందికి నిజం చెప్పినవాడు పక్కనున్న ఒక్కడికి చెప్పలేకపోయాడు. చూడ్డానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, రెండోదే కష్టం. మైకులో చెప్పినప్పుడు ఎదుటివాడి మొహం కనబడదు.

ఆ ఉత్తరం దగ్గర నాకు నా మొదటి కంపెనీ మేనేజర్ గుర్తొస్తాడు. మా ప్రాజెక్ట్‌ని క్లయింట్ ఆపేస్తున్నట్టు ఆయనకి రెండు నెలల ముందే తెలుసు. మేం ఆ రెండు నెలలూ శని, ఆదివారాలు కూడా కూర్చుని పనిచేశాం. మా టీమ్‌లో ఒకతను, పెళ్లై ఏడాది కూడా కాలేదు, మియాపూర్‌లో ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టాడు. కడుతున్నట్టు మేనేజర్‌కి స్వీట్లిచ్చి మరీ చెప్పాడు. ఆయన స్వీటు తిని కంగ్రాట్స్ అన్నాడు. మూడు వారాలకి ఒక సోమవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్ ఇన్వైట్ వచ్చింది. టీమ్‌లో సగం మందికి అదే ఆఖరి నెల. ఫ్లాట్ కట్టినతను ఆ సగంలో ఉన్నాడు. ఎందుకు చెప్పలేదు సార్ అంటే, ‘మీరంతా టెన్షన్ పడతారని’ అన్నారాయన. చెడ్డమనిషి కాదు. ఆయనకీ పై నుంచి చెప్పొద్దని ఉండొచ్చు. కానీ ఆ రోజు ఇన్వైట్ చూశాక ఆయన మాట నమ్మినవాళ్లు మాలో ఎవరూ లేరు, ఉద్యోగం మిగిలినవాళ్లతో సహా. మిగిలినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ తర్వాత ఆయన మీటింగుల్లో నేను నోరు విప్పింది తక్కువ.

ఉత్తరంతోపాటు స్టీవ్ టోనీకి ఒక పాత ఫ్లిప్ ఫోన్ కూడా పంపాడు. అవసరమైతే పిలువు, వస్తాను అని. 2018లో ‘ఇన్ఫినిటీ వార్’ వచ్చేసరికి టోనీ జేబులో ఆ ఫోన్ ఉంది, చార్జింగ్‌తో సహా. థానోస్ వస్తున్నాడని తెలిసినప్పుడు బయటకి తీస్తాడు, తెరుస్తాడు, నంబర్ చూస్తాడు. ఈలోగా వీధిలో గాలి లేచి, అంతరిక్ష నౌక దిగుతుంది. టోనీ కాల్ చెయ్యడు. ఫోన్ అక్కడే పడిపోతుంది. చివరికి దాన్ని తీసి స్టీవ్‌కి ఫోన్ చేసింది బ్రూస్ బ్యానర్.